ఇంట్లోనే డెస్క్‌టాప్ కంప్యూటర్ బిగించుకోవడం: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి సొంతంగా సిస్టమ్ బిగించుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ప్రాసెసర్ల గురించి, గ్రాఫిక్స్ కార్డుల గురించి వివరంగా చెప్పేవాళ్లు నెట్‌లో కొల్లలుగా ఉన్నారు. కానీ మన దగ్గర సిస్టమ్‌లు పాడయ్యేది ఎక్కువగా కరెంటు వల్ల, చెమ్మ వల్ల, లోపల దూరే పురుగూ పుట్రా వల్ల. అందుకే వాటి గురించి ఇక్కడ కాస్త ఎక్కువ రాశాను. డబ్బు ఎక్కడ తగ్గించినా ఫర్వాలేదు గానీ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని సిస్టమ్‌కి తగ్గట్టు మార్చిచ్చే పెట్టె), ఎర్తింగ్, యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే బ్యాటరీ పెట్టె) దగ్గర తగ్గించకండి.

స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే కొత్త. నేను బిగించగలనా?

నిశ్చింతగా బిగించగలరు. సోల్డరింగ్ ఉండదు, వైరు కోసే పని ఉండదు. దాదాపు ప్రతి కనెక్టరూ ఒక్క వైపే పట్టేలా చేసి ఉంటుంది. మొదటిసారి అయితే ఒక మధ్యాహ్నం మొత్తం కేటాయించుకోండి, తొందర పడకండి. కొత్తవాళ్లు పాడుచేసేవి ముఖ్యంగా రెండు: ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోని సన్న పిన్నులు, క్యాబినెట్ ముందు యూఎస్‌బీ పోర్టుల వైరు మదర్‌బోర్డులో (అన్ని పార్టులూ బిగించే పెద్ద బోర్డు, ఇకపై బోర్డు అంటే ఇదే) పట్టే చోట ఉన్న పిన్నులు. ఈ రెండు చోట్లా నెమ్మదిగా ఉంటే మిగతాది సులువే.

యాభై వేల లోపు బడ్జెట్ ఉంది. మా అబ్బాయి బీటెక్. డబ్బు ఎలా పంచాలి?

ముందు మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్‌లకు డబ్బు పక్కన పెట్టండి. చాలామంది మొత్తం డబ్బు క్యాబినెట్ లోపలే పెట్టేసి, చివర్లో యూపీఎస్ తర్వాత కొనుక్కుందాంలే అంటారు. ఆ తర్వాత అనేది రాదు.

మిగిలిన దాంట్లో లోపల గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ చూపే భాగం) ఉన్న ప్రాసెసర్, దానికి తగ్గ బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచేది, హార్డ్‌డిస్క్ కన్నా చాలా వేగం), పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దు. కోడింగ్‌కి, ప్రాజెక్టులకి, ఆన్‌లైన్ క్లాసులకి అది లేకపోయినా లోటు ఉండదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కార్డుకి కూడా సరిపోయేది ఇప్పుడే తీసుకుంటే, రెండేళ్ల తర్వాత కార్డు ఒక్కటే కొని గుచ్చుకోవచ్చు.

దగ్గర్లో ఒక షాపులో 'ఐ7 సిస్టమ్' చాలా చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ఏ జనరేషన్ ఐ7 అని అడగండి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లలో తరగతులు, జనరేషన్ అంటే ఏ విడతలో వచ్చిందీ అని. 'ఐ7' అన్నంత మాత్రాన ఏమీ తెలియదు. మూడో జనరేషన్ ఐ7 వచ్చింది 2012లో. ఆఫీసుల్లో వాడి తీసేసిన అలాంటి ప్రాసెసర్లను, కొత్తగా తయారు చేసిన పేరులేని బోర్డుల మీద పెట్టి, రంగుల లైట్ల ఫ్యాన్లున్న క్యాబినెట్‌లో బిగించి అమ్ముతున్నారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇప్పటి ఐ3 దాన్ని సులువుగా దాటిపోతుంది, పైగా తక్కువ కరెంటుతో.

మోడల్ నంబర్ మొత్తం రాసిమ్మనండి. ఐ7-3770 అంటే 3తో మొదలైంది, మూడో జనరేషన్. ఐ5-12400 అంటే పన్నెండోది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే నడుస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి పాత ప్రాసెసర్‌తో ఇవాళ కొత్త సిస్టమ్ కొనడం అంటే మొదటి రోజు నుంచే చిక్కుల్లో పడడం. నంబర్ రాసివ్వడానికి షాపు వాళ్లు వెనకాడితే ఇంకో షాపుకి వెళ్లండి.

ఇంటెల్ తీసుకోవాలా, ఏఎండీనా?

రెండూ మంచివే. పనిని బట్టి, సాకెట్‌ని బట్టి చూసుకోండి.

ఏఎండీలో రైజెన్‌తో పాటు 2017లో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్ ఇంకా దొరుకుతోంది. దీనికి డీడీఆర్4 అనే పాత రకం ర్యామ్ పడుతుంది. తక్కువ బడ్జెట్‌లో రైజెన్ 5 5600జీ లాంటిది ఇప్పటికీ పనికొస్తుంది. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే. దీన్ని 2027 వరకూ, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కనుక, బోర్డు మార్చకుండా మున్ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలు ఎక్కువ. ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లకు ఎల్‌జీఏ 1700 సాకెట్. ఆ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. బోర్డు పేరు చివర, వివరాల్లో ఏ డీడీఆర్ అని ఉందో చూసి కొనండి.

ఇంటెల్‌లో నంబర్ చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. కాస్త చవగ్గా వస్తోందని ఐ3-12100ఎఫ్ కొని, ఇంటికొచ్చి డిస్‌ప్లే రావట్లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామందే ఉన్నారు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఒక ప్రత్యేకమైన మాట. ఇప్పటి మంచి కెమెరాల్లో 10-బిట్ 4:2:2 హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువుండి కంప్యూటర్‌కి బరువైన ఫుటేజ్ వస్తుంది. దాన్ని టైమ్‌లైన్ మీద ఆగకుండా ఆడించడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్ బాగా సాయపడుతుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అయితే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి ఆ వీలు వచ్చింది. మీ పని అదే అయితే 'ఎఫ్' లేని ఇంటెల్ తీసుకోండి, ఈ విషయంలో నాకు సందేహం లేదు.

ర్యామ్ ఇంత ఖరీదు ఎందుకైంది? 8 జీబీతో సరిపెట్టుకోవచ్చా?

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొంటున్నాయి, కంపెనీలు కూడా అటే మొగ్గు చూపుతున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

8 జీబీతో విండోస్ 11 నడుస్తుంది గానీ, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే మొరాయిస్తుంది. కుదిరితే 8 జీబీవి రెండు తీసుకోండి. రెండు స్టిక్కులు ఉంటే మెమరీ రెండు దారుల్లో పనిచేస్తుంది. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఆటల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది. డబ్బు చాలకపోతే ఒక్క స్టిక్కు కొని, రెండోది తర్వాత అదే మోడల్‌ది వేసుకోండి. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు, గాడి వేరే చోట ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ చాలా, హార్డ్‌డిస్క్ కూడా కావాలా?

విండోస్‌కి, సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి హార్డ్‌డిస్క్ ఇప్పటికీ చవకైన మార్గం. ఎం.2 ఆకారంలో (బోర్డు మీదే బిగించే సన్న పట్టీ) నెమ్మదైన సాటా రకం, వేగమైన ఎన్‌వీఎంఈ రకం రెండూ ఉంటాయి. ఎన్‌వీఎంఈ అడిగి తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తోపాటే ఫ్రీగా ఇస్తున్నారు. మళ్లీ విడిగా కొనడం ఎందుకు?

ఆ ఫ్రీ ఎస్‌ఎంపీఎస్‌ని చేతిలోకి తీసుకుని పక్కనున్న లేబుల్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడి వెతకండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12ని 16తో గుణించండి: 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపుగా ఈ 12 వోల్టుల నుంచే. అంటే అది 500 వాట్లది కాదు, రెండు వందలది కూడా కాదు. మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఈ గడి ఒక్కటే 420, 430 వాట్ల దాకా చూపిస్తుంది.

ఇంకో గడి కూడా చూడండి, ఇది మన ఊళ్లలో మరీ ముఖ్యం: ఇన్‌పుట్ వోల్టేజ్. కొన్నింటి మీద 200–240 అని ఉంటుంది, కొన్నింటి మీద 100–240 అని. రెండోదే తీసుకోండి. భీమవరం, ఆకివీడు వైపు రాత్రిళ్లు చెరువుల మీద ఏరియేటర్లు వరసగా ఆన్ చేసినప్పుడు, వేసవిలో సాయంత్రం అందరూ ఏసీలు వేసినప్పుడు వోల్టేజ్ 180కి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. 100–240 రకం దాన్ని పట్టించుకోదు. 200–240 రకమైతే సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, మీరేమో వైరస్ అనుకుంటారు. వెనక చిన్న ఎర్ర స్విచ్‌తో 115, 230 అని ఉన్న పాత రకాలైతే పిల్లలు దాన్ని 115 వైపు జరపకుండా టేపు అంటించండి. జరిపి ఆన్ చేస్తే ఢాం అంటుంది.

కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది చాలు. సగం లోడ్ దగ్గర గోడ నుంచి తీసుకున్న కరెంటులో 85 శాతం దాకా సిస్టమ్‌కి అందుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి 450 వాట్లు ధారాళంగా సరిపోతాయి. ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటి కార్డుకి 550 తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ పాడైతే మాత్రం మీరు విప్పకండి. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా కాసేపు ఉంటుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది. సిస్టమ్ పాడైందా?

సిస్టమ్ బాగానే ఉంది. మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు.

ఎందుకంటే, ప్రతి మంచి ఎస్‌ఎంపీఎస్ లోపలా కరెంటులోని గోలను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కానీ అలాంటి సిస్టమ్‌కి టీవీ కేబుల్ తగిలిస్తే పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది. తడి చేతులతో, తడి గచ్చు మీద చెప్పులు లేకుండా ఉంటే మనిషికీ మంచిది కాదు.

పాత పెంకుటిళ్లలో, కొన్ని డాబా ఇళ్లలో కూడా మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. డెల్టాలో నేల తడిగా ఉంటుంది, నీరు పైనే తగులుతుంది కాబట్టి ఎర్త్ గుంత తీయించడం మెరక ప్రాంతాల్లో కన్నా సులువు, బాగా పనిచేస్తుంది కూడా. గుంత నుంచి సాకెట్ వరకూ వైరు లాగించండి. న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే క్యాబినెట్ బాడీ మీదకి నేరుగా ఫేజ్ వచ్చేస్తుంది, ప్రాణాలు పోతాయి.

యూపీఎస్ కావాలా? ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా?

ఇన్వర్టర్ మీద 'యూపీఎస్ మోడ్' స్విచ్ ఉండి, అది సైన్ వేవ్ (లైను కరెంటులాంటి నున్నటి అల ఇచ్చే) రకమైతే, దాని మీదే నడుస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక సెకనులో అరవయ్యో వంతు పాటు తన దగ్గరున్న నిలవతో సిస్టమ్‌ని నిలబెడుతుంది. ఆలోపు ఇన్వర్టర్ అందుకోవాలి. మామూలు మోడ్‌లో ఉంటే అందుకోలేదు, సిస్టమ్ ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద మాత్రం పెట్టకండి.

ఇన్వర్టర్ లేకపోతే యూపీఎస్ కొనండి. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి 600 వీఏ చాలు. అది సుమారు 360 వాట్లు ఇస్తుంది, పది నిమిషాలు అటూ ఇటూగా నిలబెడుతుంది. పని సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేయడానికి అంత చాలు. కార్డు ఉంటే 1000 వీఏ. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాల్సి వస్తుంది, అది మామూలే. ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించకండి, ముఖ్యంగా లేజర్ ప్రింటర్‌ని.

100–240 రకం ఎస్‌ఎంపీఎస్ ఉంటే సిస్టమ్‌కి స్టెబిలైజర్ అక్కర్లేదు. అయితే వోల్టేజ్ తగ్గడం కన్నా పెరగడం ప్రమాదం. కోనసీమలో ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడి న్యూట్రల్ తెగిందంటే, ఒక్కో ఇంటికి 300 వోల్టులు దాటి కూడా వచ్చేస్తుంది. టీవీలు, ఫ్రిజ్‌లు వీధి మొత్తం ఒకేసారి పోయేది ఇలాగే. మెయిన్ బోర్డులో, వోల్టేజ్ హద్దు దాటగానే దానంతటదే కట్ చేసే పరికరం ఒకటి బిగించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. ఒక్క కంప్యూటర్‌కే కాదు, ఇంట్లో ప్రతి వస్తువుకీ అది కాపలా.

ఉరుములప్పుడు స్విచ్ ఆపేస్తే చాలదా?

చాలదు. ప్లగ్ పీకేయాలి. అంతకన్నా ముఖ్యం నెట్ వైరు పీకడం. స్తంభం మీది డబ్బా నుంచి రాగి ల్యాన్ కేబుల్ లాగి ఇచ్చిన కనెక్షన్ అయితే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు కరెంటు ఆ తీగలోంచే వచ్చి బోర్డు మీద ల్యాన్ పోర్టుని కాల్చేస్తుంది. ఫైబర్ కనెక్షన్ అయితే గాజు తీగలో కరెంటు రాదు. కానీ దాని డబ్బాకి పెట్టిన అడాప్టర్ గోడకే ఉంటుంది కదా, దాన్నీ పీకండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు అన్నీ పీకి వెళ్లడం అలవాటు చేసుకోండి.

మాది సముద్రం పక్క ఊరు. చెమ్మకి, ఉప్పుగాలికి ఏమవుతుంది?

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో చూసే ఉంటారు. పల్చటి రేకుతో చేసిన క్యాబినెట్ల అంచులు, స్క్రూలు అలాగే తుప్పు పడతాయి. రంగు బాగా పట్టిన, కాస్త మందం రేకు ఉన్న క్యాబినెట్ తీసుకోండి. గాలి పీల్చే వైపు జాలీ ఉండాలి, అది విప్పి కడుక్కునేలా ఉండాలి. సముద్రం వైపు కిటికీ పక్కన మాత్రం సిస్టమ్ పెట్టకండి.

ముసురు పట్టిన రోజుల్లో వాడకపోయినా రోజూ కాసేపు ఆన్ చేసి ఉంచండి. లోపల పుట్టే వేడికే చెమ్మ ఆరిపోతుంది. వారాల తరబడి ఊరెళ్తుంటే గుడ్డ కప్పండి గానీ ప్లాస్టిక్ కవర్ చుట్టకండి, లోపల చెమ్మ బిగిసిపోతుంది. ఏసీ గదిలో చల్లబడి ఉన్న సిస్టమ్ మీదకి, ఆపిన వెంటనే కిటికీలు తెరిచి వేడి తేమ గాలి వదిలితే రేకు మీద నీళ్లు పడతాయి. అరగంట ఆగి తెరవండి.

బల్లులు, బొద్దింకలు, చీమలు వెచ్చదనం కోసం లోపలికి దూరతాయి. వెనక ఖాళీగా ఉన్న కార్డు స్లాట్లకి రేకు పట్టీలు తప్పకుండా బిగించండి. చాలామంది అవి పారేస్తారు. బల్లి ఎస్‌ఎంపీఎస్‌లో దూరి షార్ట్ అయిందంటే వారంటీ ఇవ్వరు.

రాజమండ్రి ఎండలకి సిస్టమ్ వేడెక్కదా?

వేడెక్కుతుంది, తట్టుకుంటుంది. ఇప్పటి ప్రాసెసర్లు 90 డిగ్రీలు దాటాక వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. గదిలో 38 డిగ్రీలు ఉంటే లోపల అంతకన్నా చల్లగా ఉండే ప్రశ్నే లేదు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి ఉండేలా చూసుకోండి. ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసిన క్యాబినెట్లు వద్దు. 65 వాట్ల ప్రాసెసర్‌కి పెట్టెలో వచ్చే కూలరే సరిపోతుంది. సిస్టమ్‌ని టేబుల్ అరలో బిగించేయకుండా వెనక జానెడు జాగా వదలండి.

ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లోనా, మన ఊళ్లోనా, హైదరాబాద్‌లోనా?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయంలో రకాలు ఎక్కువ, బేరానికి వీలుంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నిసార్లు ధర ఇంకా తక్కువ. నేనైతే ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎక్కడ చవకైతే అక్కడ కొనమంటాను. అవి అరుదుగా పాడవుతాయి, కొరియర్‌లో పంపడమూ తేలికే. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, మానిటర్, యూపీఎస్ మాత్రం దగ్గర్లోని షాపులో తీసుకోండి. పాడయ్యే అవకాశం వాటికే ఎక్కువ, బరువు కూడా వాటిదే. రెండు మూడు వందల తేడా కోసం సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగే పని పెట్టుకోవద్దు.

జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద సీరియల్ నంబర్లు వేయించండి, అవి వస్తువు మీద ఉన్నవే అని అక్కడే సరిచూసుకోండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామండీ" అంటే వద్దనండి. కొరియర్‌లో వచ్చినదాన్ని పెట్టె తెరిచేటప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి. బోర్డు సాకెట్ మీద ఉండే నల్ల ప్లాస్టిక్ మూత పారేయకండి. రేపు వారంటీకి పంపితే అది అడుగుతారు.

బిగించే వరస చెప్పండి.

బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే, దాని అట్టపెట్టె మీద పెట్టుకుని సగం పని పూర్తి చేయండి. వెలుతురు బాగా ఉండాలి. పైన ఫ్యాన్ ఆపేయండి, చిన్న స్క్రూలు, కాగితాలు ఎగరవు. మన దగ్గర గాలిలో తేమ వల్ల స్టాటిక్ కరెంటు బెడద తక్కువే, అయినా పని మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకోండి.

ముందు ప్రాసెసర్. దాని మూల మీద చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మూల మీద కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకే మూలకు తెచ్చి, పైనుంచి వదిలేసినట్టు పెట్టండి. నొక్కకూడదు. దానంతటదే కూర్చోవాలి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ కింద ఉంటాయి, ఏఎం5, ఇంటెల్‌లో సాకెట్‌లో ఉంటాయి. ఏఎం5, ఇంటెల్ సాకెట్ల మీద లివర్ దించేటప్పుడు కిర్రుమని శబ్దం వస్తుంది, బలం కూడా కాస్త పట్టాలి. భయపడకండి, అది మామూలే.

ర్యామ్ నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో వేయండి. రెండు చివర్లా టిక్ మని వినబడే దాకా నొక్కాలి. ఇక్కడ మాత్రం మొహమాటపడకూడదు. డిస్‌ప్లే రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం సగం దిగిన ర్యామ్ వల్లే. తర్వాత ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా గుచ్చి, కిందికి వంచి స్క్రూ పెట్టండి. దాని మీది హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి.

కూలర్ అడుగున బూడిద రంగు పేస్టు ముందే పూసి ఉంటే దాన్ని వేలితో ముట్టుకోకండి, అలాగే పెట్టేయండి. ఏఎండీ పెట్టెలో వచ్చే చిన్న కూలర్‌కి బోర్డు మీది రెండు ప్లాస్టిక్ పట్టీలు విప్పాలి. ఏఎం4లో విప్పగానే వెనక పలక ఊడుతుంది కనుక బోర్డు బల్ల మీద ఉండగానే చేయండి. నాలుగు స్క్రూలనీ ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఫ్యాన్ వైరుని 'సీపీయూ ఫ్యాన్' అని రాసి ఉన్న చోటే పెట్టండి.

ఇప్పుడు క్యాబినెట్. వెనక పోర్టుల దగ్గర పెట్టే రేకు విడిగా వస్తే ముందు దాన్ని లోపలి నుంచి నొక్కి బిగించండి, మర్చిపోతే బోర్డు మొత్తం మళ్లీ విప్పాలి. బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండ్లు, బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. రంధ్రం లేని చోట ఒక స్టాండు మిగిలిపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

వైర్లు: 24 పిన్నులది బోర్డు కుడి అంచున, 8 పిన్నులది పైన ఎడమ మూల. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నులూ, ప్రాసెసర్ 8 పిన్నులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కాదు. వైరు మీద పేరు చదవండి. పవర్ బటన్ వైరుకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, లైట్ల వైర్లకి ఉంది. ముందు యూఎస్‌బీ 3 వైరు లావుగా, మొండిగా ఉంటుంది. పిన్నులు తిన్నగా చూసి, నిటారుగా దించండి.

ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది.

ఏఎం5 అయితే ముందు ఐదు, పది నిమిషాలు కదపకుండా ఆగండి. మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌ని పరీక్షించుకుంటుంది, ఆ సేపు తెర మీద ఏమీ రాదు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

అప్పటికీ రాకపోతే, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారా, బోర్డుకి పెట్టారా చూడండి. కార్డు ఉంటే కార్డుకే పెట్టాలి. తర్వాత ప్లగ్ పీకి ర్యామ్ తీసి మళ్లీ వేయండి, ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. ప్రాసెసర్ పక్కన ఉన్న 8 పిన్నుల వైరు పెట్టారా? చాలా బోర్డుల మీద చిన్న లైట్లు నాలుగు ఉంటాయి, ఏది వెలిగి ఆగిందో అక్కడే తేడా. బోర్డు పాతదై ప్రాసెసర్ కొత్తదైతే బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కావాలి. కొన్న షాపులోనే చేసిమ్మంటే చేస్తారు.

కొన్నేళ్లు వాడిన సిస్టమ్‌కి వర్షాకాలంలో ఈ తంటా వస్తే, ర్యామ్ బంగారు అంచుని మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, పొడి గుడ్డతో దులిపి వేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

అంతా వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయండి. ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ అని, ఏఎం5లో ఎక్స్‌పో అని ఉంటుంది. చేయకపోతే మీరు డబ్బిచ్చి కొన్న వేగం రాదు.

విండోస్, తెలుగు టైపింగ్ సంగతి?

8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 ఎక్కించుకోండి. అదే పెన్‌డ్రైవ్‌లో బోర్డు కంపెనీ సైట్ నుంచి ల్యాన్, వైఫై డ్రైవర్లు కూడా పెట్టుకోండి. మర్చిపోతే ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో తగిలించి టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది. 'క్రాక్' విండోస్ వద్దు, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో అసలే వద్దు. లైసెన్స్‌కి డబ్బు లేకపోతే విండోస్‌కి బదులు ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసుకోండి, ఉచితం. తెలుగు టైపింగ్‌కి విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు ఉన్నాయి, సెట్టింగుల్లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు.

సెకండ్ హ్యాండ్ పార్టులు కొనొచ్చా?

ప్రాసెసర్, క్యాబినెట్, మానిటర్ చూసి కొనొచ్చు. ఎస్‌ఎంపీఎస్, హార్డ్‌డిస్క్ వద్దు. గ్రాఫిక్స్ కార్డు అయితే మీ కళ్లెదుట అరగంట ఆట ఆడించి చూడండి. ఇంటెల్ 13, 14 జనరేషన్ ఐ7, ఐ9లలో వోల్టేజ్ లోపం వల్ల ప్రాసెసర్లు దెబ్బతిన్న సంగతి 2024లో బయటపడింది. ఇంటెల్ వాటికి వారంటీ రెండేళ్లు పెంచింది, బయోస్ అప్‌డేట్లు ఇచ్చింది. అప్పటికే దెబ్బతిన్నదాన్ని ఆ అప్‌డేట్ బాగుచేయదు కనుక, బిల్లు, వారంటీ లేనివి తీసుకోకండి.

మాది లంక గ్రామం. వరద వస్తే?

2022 జూలై వరద గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడే వైర్లు పీకి, సిస్టమ్‌ని అటక ఎక్కించండి. మొత్తం మోయలేకపోతే ఎస్‌ఎస్‌డీ ఒక్కటి విప్పి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆధార్, పాసు పుస్తకాలతో పాటు పెట్టుకోండి. ఒక్క స్క్రూ పని. మీ ఫొటోలు, పత్రాలు దాంట్లోనే ఉంటాయి, హార్డ్‌డిస్క్‌లో దాచుకునేవాళ్లయితే దాన్నీ విప్పండి.

నీళ్లు తగిలిన సిస్టమ్‌ని పనిచేస్తుందేమో చూద్దామని ఆన్ చేయకండి. ప్లగ్ పీకే ఉంచి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ బిళ్ల తీసేయండి. బురద పట్టి ఉంటే రిపేరు షాపులో శుభ్రం చేయించండి. నీడలో, గాలి తగిలే చోట రోజుల తరబడి ఆరనివ్వాలి. మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ని ఆరినా మళ్లీ వాడొద్దు, కొత్తది కొనండి.

పాత సిస్టమ్‌ని ఏం చేయాలి?

మానిటర్, కీబోర్డు, క్యాబినెట్ బాగుంటే కొత్తదానికి వాడుకోండి. పనిచేసే స్థితిలో ఉంటే లైనక్స్ వేసి ఊళ్లో బడికో, లైబ్రరీకో ఇవ్వండి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి చాలు. పాడైనవాటిని కాలవ గట్టున పారేయకండి. బోర్డుల్లో సీసం, యూపీఎస్ బ్యాటరీలో సీసంతో పాటు యాసిడ్ ఉంటాయి, అవి చివరికి చేరేది మన చెరువుల్లోకీ చేలల్లోకే. కొత్త యూపీఎస్ బ్యాటరీ కొనేటప్పుడు పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. పాత ఇనుము వాళ్లకి ఇచ్చేటప్పుడు మాత్రం హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు.